మన యింటిలోనే ప్రభువు పాఠశాల

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 6:6-9, మత్తయి 5:15, 13:33, లూకా 10:38-42, 15:8-10



మన ప్రభువు చేసిన ఉపదేశములను ఒకచోట చేర్చి చూచినయెడల అందులో ఎంత భాగము సామాన్యుల యిండ్లనుండి తీయబడినదో మనకు తెలియును. ఉప్పు, దీపము, పిండి, పాతబట్టకు వేసిన మాసిక, తిరగలి త్రిప్పుచున్న ఇద్దరు స్త్రీలు, పిల్లలను పండుకొనబెట్టిన తరువాత అర్ధరాత్రి తలుపు తట్టి రొట్టెలు అడిగిన స్నేహితుడు, ఇవన్నియు ఆయన మాటలలో మనకు కనబడును. ఇవి వినికిడి మాటలు కావు. ఆయన బోధింప మొదలుపెట్టినప్పుడు దాదాపు ముప్పది ఏండ్లవాడని లూకా వ్రాయుచున్నాడు (3:23). అంతవరకు ఆయన నజరేతులో ఒక వడ్రంగి యింటిలో పెరిగెను. తల్లి పిండి పిసుకుట, దీపములో నూనె పోయుట, చినిగిన వస్త్రము కుట్టుట కన్నులార చూచెను.

అంతకు పూర్వము మోషే ధర్మశాస్త్రములోను దేవుడు ఇంటి సామగ్రిని మరచిపోలేదు. అప్పు ఇచ్చినవాడు బీదవాని తిరగలిని తాకట్టు పట్టకూడదని ఆయన ఆజ్ఞాపించెను (ద్వితీ. 24:6). తిరగలి పోయినయెడల ఆ యింటివారికి రొట్టె ఉండదు. ఒక పేద స్త్రీ తిరగలిని కూడ లెక్కించిన దేవుడు మన వంటయింటిని లెక్కింపడా?

అయినను మనలో రెండు పొరపాటులు కలవు. భక్తి యనగా ఆదివారము గుడిలో జరుగునది మాత్రమే యనియు, మిగిలిన ఆరు దినముల యింటిపని భక్తికి అడ్డమనియు తలంచుట మొదటిది. ఇంటి వస్తువులతో చక్కని పోలికలు చెప్పుకొని, "ఎంత బాగుగా చెప్పిరి!" అని లేచిపోవుట రెండవది. పోలిక చెప్పి ఆగిపోయినయెడల అది పొడుపుకథ మాత్రమే. ఆ పోలికను బట్టి ఇంటిలో ఏదైన మారినప్పుడే అది పాఠమగును. కావున ఈ నెల మనము అయిదు చిన్న సంగతులను తీసికొని, ఒక్కొక్కటి మన యింటిలో ఎవరిని గూర్చి మాటలాడుచున్నదో చూతము.

1. చీపురు పట్టిన స్త్రీ

లూకా 15వ అధ్యాయములో తప్పిపోయినవి మూడు. గొఱ్ఱె అడవిలో తప్పిపోయెను. చిన్న కుమారుడు దూరదేశములో తప్పిపోయెను. వెండి నాణెము ఎక్కడ పోయెను? ఇంటిలోనే పోయెను. ఆ నాణెము ఆ కాలమున ఒక కూలివాని ఒకనాటి కూలి. దినమంతయు ఎండలో నాట్లు వేసి వచ్చిన తల్లికి దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

గొఱ్ఱె తప్పిపోయినయెడల అరచును. కుమారుడు ఆకలి వేసినప్పుడు ఇల్లు తలంచుకొనును. నాణెమైతే తాను పోయితినని ఎరుగదు, పిలువదు. మన యిండ్లలో ఇట్టివారు కలరు. ఒకే కప్పు క్రింద నిద్రించుచు, ఒకే కుండలోని కూడు తినుచు, ఆరు నెలలనుండి గుడి మొగము చూడని కుమారుడు ఉన్నాడు. వచ్చిన నాటినుండి నోరు విప్పని కోడలు ఉన్నది. మూలనున్న మంచముమీద, తనతో ఎవరును మాటలాడని ముసలి తండ్రి ఉన్నాడు. వీరు ఇంటిలోనే ఉన్నారు గనుక తప్పిపోయిరని మనకు తోచదు. దూరదేశములలోని సువార్త పని కొరకు ప్రార్థించుదుము గాని, ప్రక్క మంచము వారి కొరకు ప్రార్థింపము.

ఆ స్త్రీ మూడు పనులు చేసెను. దీపము వెలిగించెను, ఇల్లు ఊడ్చెను, దొరకువరకు జాగ్రత్తగా వెదకెను. నాణెమును తిట్టుట ఆ పనులలో లేదు. ఊడ్చునప్పుడు లేచు దుమ్ము మొదట ఊడ్చువారి మీదనే పడునని మన స్త్రీలకు తెలియును. అట్లే తప్పిపోయినవారిని వెదకుటకు పూనుకొన్నప్పుడు మొదట మన మాటలలోని దుమ్ము, మన పాత కోపములు బయటపడును. అది మంచిదే. ఇల్లు ఊడ్వక నాణెము దొరకదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసియున్నది. కుటుంబ ప్రార్థనలో కొందరు దేవునితో మాటలాడుచున్నట్లు కన్నులు మూసికొని, ప్రక్కనున్నవారికి చీవాట్లు పెట్టుదురు. "ప్రభువా, ఈ యింటిలో గర్వముగలవారిని అణచుము" అని అత్త ప్రార్థించినప్పుడు కోడలికి తెలియదా? అట్టి ప్రార్థన వెదకుట కాదు, మరింత దూరముగా విసరివేయుట. వారి కొరకు ఏకాంతముగా ప్రార్థింపుడి. వారి దగ్గర కూర్చున్నప్పుడైతే, "అన్నము తింటివా?" అని అడుగుడి.

2. పాలలో వేసిన తోడు

పరలోకరాజ్యము ఒక స్త్రీ మూడు కుంచముల పిండిలో దాచిన పుల్లని పిండిని పోలియున్నదని ప్రభువు చెప్పెను. అంత పిండి ఒక కుటుంబమునకు కాదు, ఒక విందుకే సరిపోవును. అంత రాశిని మార్చినది చేతిలో పట్టునంత చిన్న ముద్ద. రొట్టెలు పులియబెట్టు అలవాటు మనకు అంతగా లేకపోయినను, పాలకు తోడు పెట్టుట ఎరుగని యిల్లు లేదు గనుక ఈ ఉపమానము మనకు కష్టము కాదు.

పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, ఒక చెంచా పెరుగు వేసి, మూతపెట్టి, కదల్పక ఉంచుదుము. మరుగుచున్న పాలలో తోడు వేసినయెడల అందులోని కంటికి కనబడని జీవులు చచ్చిపోవును, పెరుగు కాదు. చలికాలమున పాలు చల్లబడిపోయినను తోడుకొనదు, అందుచేతనే మన తల్లులు గిన్నెను పొయ్యి దగ్గర పెట్టుదురు. వేసిన తరువాత గడియకొకసారి మూతతీసి కదిపినను పెరుగు బిగియదు.

పిల్లలకు దేవుని మాట చెప్పుటలోను ఇంతే. మనము కోపముతో మరుగుచు చెప్పిన వాక్యము వారిలో నిలువదు. త్రాగివచ్చిన తండ్రి కొడుకును కొట్టి, "పది ఆజ్ఞలు చెప్పుము" అనినయెడల ఆ పిల్లవాడు ఆజ్ఞలను నేర్చుకొనునా, వాటిని ద్వేషించుట నేర్చుకొనునా? ఇక ఏ ప్రేమయు లేక చల్లగా అప్పగించిన పాఠమును నిలువదు. గోరువెచ్చని హృదయముతో కొంచెము చెప్పి, మూతపెట్టి, రాత్రియంతయు దేవునికి అప్పగించవలెను. పెరుగు చేయునది మనము కాదు. మన పని తోడు వేయుట.

ఈ తోడు ఎక్కడనుండి వచ్చును? నిన్నటి పెరుగునుండి. ఇంటిలో లేనియెడల పొరుగింటికి గిన్నె పట్టుకొని వెళ్లుదుము. తిమోతి విశ్వాసము మొదట అవ్వయైన లోయిలోను, తల్లియైన యునీకేలోను ఉండెనని పౌలు వ్రాసెను (2 తిమోతి 1:5). తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు (అపొ. 16:1), విశ్వాసము తల్లి వైపునుండియే ఆ యింటిలో నిలిచెను. చదువురాని అవ్వలారా, "మాకు బైబిలు చదువుట రాదు, మేమేమి నేర్పగలము?" అనవద్దు. రాత్రి మనుమని ప్రక్కలో పండుకొనబెట్టుకొని దావీదు కథ చెప్పిన అవ్వ తోడు వేసినదే.

అయితే తోడు పులిసినదైతే గిన్నెడు పాలును పులియును. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో పౌలు దుర్మార్గతను కూడ పులిసిన పిండితోనే పోల్చెను (5:6-8). సంఘములోని ఒక పెద్దను గూర్చి పిల్లల యెదుట మనమాడిన ఎత్తిపొడుపు మాట తెల్లవారునప్పటికి వారిలో గట్టిపడియుండును.

3. చేట ముందు కూర్చున్న వేళ

ఇప్పుడు మిల్లు బియ్యములో రాళ్లు తగ్గినవి. తిరగలి అనేక యిండ్లలో మూలబడినది. అయినను పప్పు చేటలో పోసి, వ్రేళ్లతో త్రోసి, బెడ్డలేరుట మన తల్లులు మానలేదు. చేటలో ఒక రాయి కనబడినప్పుడు ఎవరైన చేటెడు పప్పును పెంటకుప్పమీద పారవేయుదురా? రాయిని తీసివేసి పప్పును ఉంచుకొందురు. ఒక మనిషిలో ఒక లోపము కనబడినప్పుడు మనమైతే మనిషినే పారవేయుదుము. "వాడు అంతే, వాని వంశమే అంత" అందుము. సంఘములో రెండు కుటుంబములు ఏండ్ల తరబడి ఒకరి గడప ఒకరు త్రొక్కక పోవుటకు కారణము తరచుగా ఒక్క రాయియే. రాయిని చూచుట తప్పు కాదు, పప్పును చూడకపోవుట తప్పు. మరియు ఎవరి చేట వారి ఒడిలో ఉండవలెను. 139వ కీర్తన చివర దావీదు దేవుని పరిశోధింపుమని వేడుకొన్నది పొరుగువాని హృదయమును గాదు, తన హృదయమునే.

చేట దగ్గర రెండవ పాఠము కూడ కలదు. ఎసరులో బియ్యము పోయుటకు ముందు పిడికెడు తీసి దేవుని పని కొరకు వేరుగా ఉంచుట మన సంఘములలో పెద్దలకు తెలిసిన ఆచారము. మన దేశపు ఈశాన్య దిక్కుననున్న మిజో కొండలలో క్రైస్తవ స్త్రీలు 1910లో ఈ పనిని ఆరంభించిరి. నేటికిని మిజోరములో ప్రతి పూట వంటకు ముందు పిడికెడు బియ్యము తీసి, కూడబెట్టి, సంఘమునకు అప్పగించుచున్నారు. ఆ పిడికెళ్లతో సువార్త పనివారు పోషింపబడుచున్నారు. మన తెలుగు నేలను దోర్నకల్‌లో 1912 మొదలుకొని బిషప్పుగా పనిచేసిన అజరయ్యగారు, బీద సంఘములు సహితము ఇచ్చుట నేర్చుకొనవలెనని బోధించి, క్రైస్తవ దానమును గూర్చి 1939లో ఒక పుస్తకమే ప్రచురించిరి.

ఈ పిడికెటిలోని సూక్ష్మమును గమనింపుడి. అది వంటకు ముందు తీయబడును. భోజనమైన తరువాత మిగిలినది ఇచ్చుట వేరు, ముందుగా తీసి మిగిలినది వండుకొనుట వేరు. సారెపతు విధవరాలి యొద్ద ఒక పూటకు మాత్రమే పిండి ఉండెను. ఏలీయా మొదట తనకు ఒక చిన్న అప్పము చేయుమనెను, ఆమె అట్లే చేసెను (1 రాజులు 17). అయితే ఈ మాటను బియ్యమే లేని యింటిమీద భారముగా మోపకూడదు. ఏలీయా ఆ యింటినుండి తీసికొని వెళ్లిపోలేదు, ఆ యింటిలోనే ఉండెను. ఆమెయు ఆమె కుమారుడును అతనితోకూడ అనేక దినములు భోజనము చేసిరి. పిడికెడు బియ్యము సేకరించు సంఘము, పొయ్యి వెలుగని యిల్లు తన వీధిలో ఏదో కూడ ఎరిగియుండవలెను.

4. ఇంటి దీపము ఎవరికి?

కరెంటు పోయిన రాత్రి మనము అగ్గిపెట్టె కొరకు తడుముకొందుము. దీపము వెలిగించిన తరువాత దానిని ఎక్కడ పెట్టుదుము? అందరికి కనబడు గూటిలో పెట్టుదుము. దీపమును కుంచము క్రింద పెట్టరనియు, స్తంభముమీద పెట్టినప్పుడు అది ఇంటివారందరికి వెలుగిచ్చుననియు ప్రభువు చెప్పెను. ఇంటివారందరికి అను మాటను మనము తొందరపడి దాటిపోవుచున్నాము. ఊరికి, లోకమునకు వెలుగిచ్చుటను గూర్చి అనేక ప్రసంగములు వింటిమి. దీపము ముందుగా వెలుగిచ్చునది అదే యింటిలోనున్న వారికే గదా.

ఇది విశేషముగా పురుషులు వినవలసిన మాట. గుడిలో మద్దెల వాయించుచు పాడు స్వరమును, సాయంకాలము ఇంటిలో భార్యను పిలుచు స్వరమును ఒకటేనా? సంఘ సభలో నిలువబడి సాక్ష్యము చెప్పునప్పుడు మన భార్యాపిల్లలు తలయెత్తి వినగలరా, తల వంచుకొందురా? భార్యను గౌరవింపని పురుషుని ప్రార్థనలకు ఆటంకము కలుగునని పేతురు స్పష్టముగా వ్రాసెను (1 పేతురు 3:7). భార్యమీద చెయ్యెత్తినవాడు తన దీపమును కుంచము క్రింద పెట్టుట కాదు, ఆర్పివేయుచున్నాడు. దెబ్బలు సహించుటయే భక్తి యని మన సంఘములో ఎవరును ఏ సహోదరికిని చెప్పకూడదు. సంఘ పెద్దలు ఆ గడప త్రొక్కి అడ్డుపడవలెను, ఆమెకును పిల్లలకును క్షేమమైన చోటు చూపవలెను. ఇది "వారి యింటి గొడవ" కాదు. ప్రభువు నామము ధరించిన యిల్లు అది.

వత్తి మసిబారినప్పుడు దీపము వెలుగుటకంటె ఎక్కువగా పొగ క్రమ్మును. అప్పుడు క్రొత్త దీపము కొనము, మసి దులుపుదుము. "నిన్న నేను ఆడిన మాట తప్పు, క్షమింపుము" అని భర్త భార్యతోను, తండ్రి కుమారునితోను చెప్పుట ఆ మసి దులుపుట. అట్లు చెప్పినందున ఏ తండ్రి గౌరవమును తగ్గిపోదు.

5. మార్తకు చోటు

బేతనియలో మార్త పనులతో తొందరపడెను, మరియ ప్రభువు పాదములయొద్ద కూర్చుండెను. ఈ భాగమును చదివి మన స్త్రీలతో, "మార్తవలె ఉండక మరియవలె ఉండుడి" అని చెప్పుట సులభము. అట్లయిన వంట ఎవరు చేయుదురు?

మేము గృహకూడికలకు వెళ్లిన అనేక గ్రామములలో ఇది చూచితిమి. చాపలు పరచి అందరును కూర్చుందురు. పాట ఎత్తుకొందురు. వాక్యము చదువుదురు. ఆ యింటి కోడలు మాత్రము లోపల పొయ్యి దగ్గర కూడికకు వచ్చినవారందరికి టీ కాచుచుండును. ఆఖరి ప్రార్థనకు ఆమె గ్లాసులు కడుగుచుండును. ఆ కూడిక ఆమె యింటిలోనే జరిగెను, ఆమెకు మాత్రము జరుగలేదు.

ప్రభువు మార్త చేసిన వంటను నిందింపలేదు. ఆమె విచారమును, తొందరను చూచి, ఆమె పేరును రెండుసార్లు పిలిచి మాటలాడెను. ఆమెయు కూర్చుండవలెననియే ఆయన కోరెనని మనము నమ్ముచున్నాము. మరియ ఎన్నుకొన్న ఉత్తమమైనది ఆమెయొద్దనుండి తీసివేయబడదని ఆయన చెప్పెను. మన యింటి స్త్రీలయొద్దనుండి దానిని తీసివేయుచున్నది ఎవరు? టీ కొరకు కనిపెట్టుకొనియున్న మనము కామా?

పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రతీరమున ఏమి చేసెనో యోహాను 21వ అధ్యాయములో చూడుడి. రాత్రియంతయు వలలు వేసి అలసిన శిష్యులు ఒడ్డుకు వచ్చునప్పటికి నిప్పులును, వాటిమీద చేపలును, రొట్టెయు సిద్ధముగా ఉండెను. వచ్చి భోజనము చేయుడని ఆయనే పిలిచెను, తన చేతులతో పంచి యిచ్చెను. మరణమును జయించినవాడు శిష్యుల ఆకలి తీర్చుటకు పొయ్యి రాజేయుట తనకు తక్కువ యని తలంపలేదు. అట్లయిన కూడికనాడు ఒక కుండెడు నీళ్లు తెచ్చుట, పసిబిడ్డను ఎత్తుకొనుట, గ్లాసులు కడుగుట మన పురుషులకు తక్కువయగునా?

ప్రియులారా, ఇంటిపని భక్తికి అడ్డము కాదు. ఆ పని యంతయు ఒక్కరి నెత్తిన వేసి మిగిలినవారు భక్తిచేయుటయే అడ్డము. ఇంటిలో ప్రభువు పాఠశాల నడుచుచున్నది గాని, అందులో కూర్చుండుటకు అందరికి చాప పరచితిమా అని మనలను మనము అడుగుకొనవలెను.

కుటుంబ ప్రార్థనలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మన యింటిలోనే ఉండి మనకు దూరమైనవారు ఎవరు? ఈ వారము వారి దగ్గర కూర్చుండువారు ఎవరు?

2. మన పిల్లలు మన నోట వినుచున్న మాటలలో మంచి తోడు ఏది, పులిసినది ఏది?

3. ఏ ఒక్క రాయిని బట్టి మనము ఏ కుటుంబమును విడిచిపెట్టితిమి?

4. మన వీధిలో పొయ్యి వెలుగని యిల్లు కలదా? మన పిడికెడు అక్కడికి ఎట్లు చేరును?

5. వచ్చు గృహకూడికలో ఆ యింటి స్త్రీలందరును మొదటి పాటనుండి కడపటి ప్రార్థనవరకు కూర్చుండునట్లు మనము ఏ యేర్పాటు చేయుదుము?

అయిదవ ప్రశ్నకు సంఘ పెద్దలు మాటలతో గాక పనితో జవాబు చెప్పుదురుగాక. టీ ముందుగా కాచి ఉంచవచ్చును, పొరుగింటివారు కాచి తేవచ్చును, లేదా ఆ దినము మంచినీళ్లతో సరిపెట్టుకొనవచ్చును. టీ లేకపోయినందున ఏ కూడికయు చెడిపోదు.

ప్రార్థన: నజరేతు యింటిలో పెరిగిన ప్రభువా, మా గడపలోనికి రమ్ము. మా యింటిలో తప్పిపోయినవారిని వెదకు ఓపికను మాకిమ్ము. మా మాటలను గోరువెచ్చగా చేయుము. మా దీపము ముందుగా మావారికి వెలుగిచ్చునట్లు దాని మసి దులుపుము. అలసిన మా తల్లులకును కోడండ్రకును నీ పాదములయొద్ద చోటు దయచేయుము, ఆ చోటును తీసికొన్న మమ్మును లేపుము. ఆమేన్.